వృత్తి మార్గదర్శకత్వం

వృత్తి మార్గదర్శకత్వం లేదా కెరీర్ గైడెన్స్ అనగా విద్యార్థి తన అభిరుచులను, సామర్థ్యాలను, కుటుంబ పరిస్థితులను తెలుసుకొని, వాటికి తగిన చదువును, వృత్తిని తానే ఎంచుకొనేందుకు తోడ్పడే ప్రక్రియ. ఇందులో ముఖ్యమైన మాట "తానే" అన్నది. విద్యార్థి ఏమి చదవాలో మరొకరు నిర్ణయించి చెప్పడం మార్గదర్శకత్వం అనిపించుకోదు. నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని, ఆలోచనా పద్ధతిని అందించి, లక్ష్యాన్ని విద్యార్థి చేత ఏర్పరచుకొనేటట్లు చేయడమే దీని ఉద్దేశం. భారతదేశంలో 8వ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు, అనగా సుమారు 13 నుండి 18 ఏళ్ల వయసు వరకు, ఈ సహాయం ఎక్కువగా అవసరమవుతుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పదవ తరగతి ముగియగానే "గ్రూపు" ఎంచుకోవలసి రావడం వలన ఈ అవసరం మరింత ముందుగా ఎదురవుతుంది.

పరిధి

మార్గదర్శకత్వాన్ని సాధారణంగా మూడు భాగాలుగా చెబుతారు.

• విద్యా మార్గదర్శకత్వం: ఏ సబ్జెక్టులు, ఏ కోర్సు, ఏ సంస్థ ఎంచుకోవాలి, చదువులో వెనుకబడిన చోట ఎట్లా పుంజుకోవాలి అన్న విషయాలు.
• వృత్తి మార్గదర్శకత్వం: ఏయే వృత్తులు ఉన్నాయి, వాటికి ఏ అర్హతలు కావాలి, ఆ పని రోజువారీగా ఎట్లా ఉంటుంది అన్న విషయాలు.
• వ్యక్తిగత మార్గదర్శకత్వం: భయం, ఒత్తిడి, ఇంటి సమస్యలు, ఆత్మవిశ్వాస లోపం వంటివి.

ఆచరణలో ఈ మూడింటినీ విడదీయలేము. గణితంలో మార్కులు తగ్గిన విద్యార్థి సమస్య పాఠం అర్థం కాకపోవడం కావచ్చు, ఆ గ్రూపు తనకు ఇష్టం లేకపోవడం కావచ్చు, ఇంటి వద్ద చదువుకొనే వీలు లేకపోవడం కావచ్చు.

చరిత్ర

ప్రపంచంలో

ఆధునిక వృత్తి మార్గదర్శకత్వానికి ఆద్యునిగా అమెరికాకు చెందిన ఫ్రాంక్ పార్సన్స్‌ను పేర్కొంటారు. ఆయన 1908లో బోస్టన్ నగరంలో యువకులకు వృత్తి సలహాలు ఇచ్చేందుకు ఒక కార్యాలయాన్ని స్థాపించాడు. అదే సంవత్సరం ఆయన మరణించగా, వృత్తి ఎంపికపై ఆయన వ్రాసిన గ్రంథం 1909లో వెలువడింది. వృత్తి ఎంపికకు మూడు మెట్లు అవసరమని పార్సన్స్ భావించాడు. మొదటిది తనను తాను తెలుసుకోవడం, రెండవది వృత్తుల గురించి తెలుసుకోవడం, మూడవది ఈ రెంటినీ సరిపోల్చి ఆలోచించడం. నేటికీ అనేక పద్ధతులకు ఇదే పునాది.

భారతదేశంలో

కలకత్తా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర విభాగంలో 1938లో విద్యా, వృత్తి మార్గదర్శకత్వానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1947లో అలహాబాదులో నాటి సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం మనస్తత్వశాస్త్ర కేంద్రాన్ని స్థాపించింది. డా. ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్, విద్యార్థులు వేర్వేరు అభిరుచులు కలవారు కనుక బహుళార్థ పాఠశాలలు, వాటితోపాటు మార్గదర్శక సేవలు అవసరమని సిఫార్సు చేసింది. 1954లో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ విద్యా, వృత్తి మార్గదర్శకత్వానికి ఒక కేంద్ర సంస్థను ఢిల్లీలో ఏర్పాటు చేసింది. 1961లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) ఏర్పడిన తరువాత ఈ పని ఆ మండలి పరిధిలోకి వచ్చింది.

డి.ఎస్. కొఠారి అధ్యక్షతన 1964-66లో పనిచేసిన విద్యా కమిషన్, మార్గదర్శకత్వం విద్యలో అంతర్భాగమని, ప్రాథమిక స్థాయి నుండే మొదలు కావాలని పేర్కొంది. ప్రతి పాఠశాలకు ఒక కౌన్సిలర్‌ను నియమించడం సాధ్యం కానప్పుడు, పది పాఠశాలలకు ఒక సంచార కౌన్సిలర్ అయినా ఉండాలని సూచించింది. ఉపాధి కల్పనా కార్యాలయాలలోను, విశ్వవిద్యాలయాలలోను కూడా మార్గదర్శక విభాగాలు ఏర్పడ్డాయి. 2015లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీస్ అనే పోర్టల్‌ను ప్రారంభించింది. 2020 జాతీయ విద్యా విధానం, 6 నుండి 8 తరగతుల విద్యార్థులు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు మొదలైనవారి వద్ద పని నేర్చుకొనే అవకాశం ఉండాలని ప్రతిపాదించింది.

ముఖ్య సిద్ధాంతాలు

• జాన్ హాలండ్ సిద్ధాంతం: మనుషుల అభిరుచులను ఆరు రకాలుగా విభజిస్తుంది. పనిముట్లతో పని ఇష్టపడేవారు, పరిశోధన ఇష్టపడేవారు, కళల పట్ల ఆసక్తి కలవారు, ఇతరులకు సహాయపడడం ఇష్టపడేవారు, నాయకత్వం లేక వ్యాపారం ఇష్టపడేవారు, క్రమబద్ధమైన లెక్కల, దస్త్రాల పని ఇష్టపడేవారు. చాలామందిలో రెండు మూడు లక్షణాలు కలిసి ఉంటాయి.
• డొనాల్డ్ సూపర్ సిద్ధాంతం: వృత్తి ఎంపిక ఒక రోజులో జరిగేది కాదు, జీవితమంతా సాగేది. 15 నుండి 24 ఏళ్ల వరకు గల దశను ఆయన అన్వేషణ దశ అన్నాడు. ఈ వయసులో మనసు మారడం లోపం కాదు, సహజ లక్షణం.
• లక్ష్య నిర్ణయ సిద్ధాంతం: ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే పరిశోధకులు దీనిని అభివృద్ధి చేశారు. "బాగా చదువుతాను" అన్న అస్పష్టమైన లక్ష్యం కంటె స్పష్టమైన, కొంత కష్టమైన లక్ష్యం మెరుగైన ఫలితం ఇస్తుందని, అయితే వ్యక్తి ఆ లక్ష్యాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించి ఉండాలని వీరి పరిశోధనల సారాంశం.
• ఆత్మసామర్థ్య భావన: ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించాడు. "నేను చేయగలను" అన్న నమ్మకం ఎక్కువగా స్వయంగా సాధించిన చిన్న చిన్న విజయాల నుండి, తనవంటి వారు సాధించగా చూడడం నుండి వస్తుంది. కనుకనే అదే ఊరి నుండి చదువుకొని ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి మాట, దూరపు ప్రముఖుని ఉపన్యాసం కంటె ఎక్కువ పని చేస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో పదవ తరగతి తరువాతి మార్గాలు

ఆంధ్ర ప్రదేశ్‌లో రెండు సంవత్సరాల ఇంటర్మీడియట్ విధానం 1969-70లో మొదలైంది. దీని నిర్వహణకు 1971లో ఇంటర్మీడియట్ విద్యా మండలి ఏర్పడింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు ప్రత్యేక మండలి ఏర్పడింది. "ఇంటర్" అనగానే ఎం.పి.సి., బై.పి.సి. అనే రెండు పేర్లే ఎక్కువగా వినబడతాయి గాని, పదవ తరగతి తరువాత గల మార్గాలు అంతకంటె చాలా ఎక్కువ.

ఇంటర్మీడియట్ గ్రూపులు

• ఎం.పి.సి. (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు): ఇంజనీరింగు, వాస్తుశిల్పం, బి.ఎస్సీ., సైనిక దళాల సాంకేతిక విభాగాలు మొదలైనవి.
• బై.పి.సి. (జీవశాస్త్రాలు, భౌతిక, రసాయన శాస్త్రాలు): వైద్యం, దంతవైద్యం, వ్యవసాయం, పశువైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ మొదలైనవి. ఫార్మసీకి ఎం.పి.సి., బై.పి.సి. విద్యార్థులు ఇరువురూ అర్హులే.
• ఎం.ఇ.సి., సి.ఇ.సి. (వాణిజ్య శాస్త్రం, అర్థశాస్త్రం, వాటితో గణితం లేక పౌరశాస్త్రం): బి.కాం., చార్టర్డ్ అకౌంటెన్సీ, బ్యాంకింగ్, నిర్వహణ శాస్త్రం, న్యాయశాస్త్రం మొదలైనవి.
• హెచ్.ఇ.సి. (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం): బి.ఎ., న్యాయశాస్త్రం, ఉపాధ్యాయ వృత్తి, పాత్రికేయ వృత్తి, పోటీ పరీక్షలు మొదలైనవి.
• ఒకేషనల్ కోర్సులు: ల్యాబ్ టెక్నీషియన్, అకౌంట్స్, పంటల సాగు వంటి వృత్తి విద్య. పై చదువులకు వెళ్లగోరువారికి బ్రిడ్జి కోర్సు సదుపాయం కలదు.

ఇంటర్మీడియట్ కాని మార్గాలు

• పాలిటెక్నిక్: మూడు సంవత్సరాల ఇంజనీరింగు డిప్లొమా. ప్రవేశం పాలిసెట్ ద్వారా. డిప్లొమా తరువాత ఈసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు.
• ఐ.టి.ఐ.: ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడులు రెండు సంవత్సరాలు, వెల్డర్ వంటివి ఒక సంవత్సరం. తరువాత 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం క్రింద పరిశ్రమలలో వేతనంతో కూడిన శిక్షణ పొందవచ్చు.
• వ్యవసాయ పాలిటెక్నిక్‌లు: వ్యవసాయ, ఉద్యాన రంగాలలో డిప్లొమాలు.
• రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ట్రిపుల్ ఐ.టి.): 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ప్రారంభమైంది. పదవ తరగతి తరువాత ఆరు సంవత్సరాల సమీకృత కోర్సు. గ్రామీణ, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినది.
• సార్వత్రిక విద్య: చదువు మధ్యలో ఆగినవారికి సార్వత్రిక పాఠశాలలు, తరువాత డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (1982లో స్థాపితం, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఉన్నవి.

ప్రవేశ పరీక్షల పేర్లు, నిబంధనలు తరచు మారుతుంటాయి. ఉదాహరణకు ఎంసెట్ అనే పరీక్ష ఆంధ్ర ప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి ఈఏపీసెట్‌గా మారింది. వైద్య ప్రవేశాలు 2017 నుండి నీట్ ద్వారా జరుగుతున్నవి. జీవశాస్త్రం చదవని వారికి నీట్ అర్హత లేదన్న నియమం కూడా 2023లో సడలింది. ఇంటర్ తరువాత జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసినవారికి జాతీయ వైద్య కమిషన్ అవకాశం కల్పించింది. కనుక అన్నయ్య చదివిన రోజుల నిబంధనలు తమ్ముడికి వర్తిస్తాయని అనుకోరాదు. ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌ను చదివి నిర్ధారించుకోవాలి.

లక్ష్య ప్రణాళిక తయారుచేసే విధానం

విద్యార్థి తన ప్రణాళికను ఒక నోటుపుస్తకంలో స్వహస్తంతో వ్రాసుకోవడం మంచి పద్ధతి. వ్రాసినప్పుడు ఆలోచన స్పష్టమవుతుంది, తరువాత సరిచూసుకోవడానికి వీలవుతుంది. ఈ ప్రక్రియలో సాధారణంగా ఆరు మెట్లు ఉంటాయి.

1. తనను గురించి తెలుసుకోవడం. ఏ పాఠం చదువుతుంటే కాలం తెలియదు, ఏ పని ఎవరూ చెప్పకుండానే చేస్తాను, ఏ పనిని ఇతరులు మెచ్చుకొన్నారు, ఏది ఎంత ప్రయత్నించినా కష్టంగా ఉంది అన్న ప్రశ్నలకు జవాబులు వ్రాసుకోవాలి. ఇష్టం వేరు, సామర్థ్యం వేరు. రెండింటికీ వేర్వేరు పుటలు కేటాయించడం మంచిది.

2. సమాచార సేకరణ. మనసుకు నచ్చిన మూడు వృత్తులను ఎంచుకొని, ఒక్కొక్కదానికి కావలసిన అర్హత, కాలం, ఖర్చు, ప్రవేశ విధానం, ఆరంభ జీతం తెలుసుకోవాలి. ఆ వృత్తిలో ఉన్న ఒకరినైనా కలిసి వారి దినచర్య అడగాలి. పశువైద్యుడు కాదలచిన వాడు మండలంలోని పశువుల ఆసుపత్రిలో ఒక ఉదయం గడిపితే, ఏ పుస్తకమూ చెప్పని విషయాలు తెలుస్తాయి.

3. సరిపోల్చడం. మూడు వృత్తులను పక్కపక్కన పట్టికగా వ్రాసి, తన అభిరుచి, సామర్థ్యం, కుటుంబ స్తోమతలతో పోల్చాలి. ఒక మార్గం ఎంచుకొన్నప్పుడు ఏ తలుపులు మూసుకొంటాయో, ఏవి తెరచి ఉంటాయో గుర్తించాలి.

4. లక్ష్యాన్ని విభజించడం. దూరపు లక్ష్యం (ఐదారు ఏళ్లు), మధ్య లక్ష్యం (ఒక ఏడాది), దగ్గరి లక్ష్యం (ఒక నెల) అని మూడుగా వ్రాయాలి. దగ్గరి లక్ష్యం కొలవదగినదై ఉండాలి.

5. మారు మార్గం. మొదటి లక్ష్యం నెరవేరకపోతే ఏమి చేయాలో ముందే వ్రాసి ఉంచాలి. ఇది ఓటమికి సిద్ధపడడం కాదు. ఒకే పరీక్ష మీద జీవితమంతా ఆధారపడలేదన్న ధైర్యం దీనివలన కలుగుతుంది.

6. పునఃపరిశీలన. మూడు నెలలకు ఒకసారి ఉపాధ్యాయునితో కూర్చుని ప్రణాళికను సరిచూసుకోవాలి. మార్పులు చేసినప్పుడు కారణం వ్రాయాలి.

ఉదాహరణ

పదవ తరగతి చదువుతున్న ఒక విద్యార్థినికి రోగులకు సేవ చేయాలని కోరిక ఉన్నదనుకుందాం. "డాక్టరు కావాలి" అన్నది ఆమె తొలి మాట. వివరాలు సేకరించిన తరువాత ఆమెకు వైద్యరంగంలో అనేక వృత్తులు ఉన్నాయని తెలుస్తుంది. బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు, ఇంటర్‌లో బై.పి.సి. అవసరం. జి.ఎన్.ఎం. మూడేళ్లు, ఇతర గ్రూపుల వారు కూడా చేరవచ్చు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఇంటర్ ఒకేషనల్‌లోనే ఉన్నది. ఆమె ప్రణాళిక ఈ విధంగా ఉండవచ్చు.

• దూరపు లక్ష్యం: ఎం.బి.బి.ఎస్.; మారు మార్గం బి.ఎస్సీ. నర్సింగ్.
• మధ్య లక్ష్యం: పదవ తరగతిలో జీవశాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రాలలో పట్టు సాధించి బై.పి.సి.లో చేరడం.
• దగ్గరి లక్ష్యం: ఈ నెలలో రసాయన సమీకరణాలను తుల్యం చేయడం నేర్చుకొని, పాఠం చివరి లెక్కలన్నీ సొంతంగా చేయడం.
• చేయవలసిన పని: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నర్సుతో మాట్లాడడం.

ఈ ప్రణాళికలో నీట్‌లో ర్యాంకు రాకపోయినా ఆమె కోరిన సేవారంగం ఆమెకు దూరం కాదు. బై.పి.సి. అనే ఒకే ఎంపిక రెండు మార్గాలనూ తెరచి ఉంచుతుంది. ఇట్లా ఆలోచించడమే ప్రణాళికలోని ప్రయోజనం.

ఉపాధ్యాయుల పాత్ర

చాలా పాఠశాలలలో శిక్షణ పొందిన కౌన్సిలర్లు లేనందున ఈ బాధ్యత తరగతి ఉపాధ్యాయుని మీదనే పడుతుంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఉపాధ్యాయుల కొరకు మార్గదర్శకత్వం, కౌన్సెలింగ్‌లో డిప్లొమా కోర్సు నిర్వహిస్తున్నది. ప్రత్యేక శిక్షణ లేకపోయినా ఉపాధ్యాయుడు చేయగల పనులు ఇవి.

• విద్యార్థి మాట పూర్తిగా వినడం. మొదటి సమావేశంలో సలహా ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే అడగడం.
• మార్కులను బట్టి మాత్రమే కాక ఆటలు, చిత్రలేఖనం, తోటపని, వక్తృత్వం మొదలైన వాటిలో విద్యార్థి చూపే ఆసక్తిని గమనించి నమోదు చేయడం.
• పూర్వ విద్యార్థులను పాఠశాలకు పిలిపించి మాట్లాడించడం.
• నోటీసు బోర్డుపై ప్రవేశ పరీక్షల, ఉపకార వేతనాల తేదీలు వ్రాయడం.
• "నీవల్ల కాదు" అన్న మాట వాడకపోవడం. బదులుగా ఆ లక్ష్యానికి ఇంకా ఏమి కావాలో చూపించడం.

తల్లిదండ్రుల పాత్ర

తెలుగు కుటుంబాలలో చదువు నిర్ణయం ఒక్క విద్యార్థిది మాత్రమే కాదు. తల్లిదండ్రులు, మేనమామలు, ఉద్యోగంలో ఉన్న బంధువులు అందరూ అందులో పాల్గొంటారు. ఈ తోడ్పాటు విలువైనదే. ఫీజు కట్టేవారు, భూమి తాకట్టు పెట్టి చదివించేవారు వారే. అయితే తాము నెరవేర్చుకోలేని కోరికను పిల్లల మీద మోపినప్పుడు, పక్కింటి పిల్లలతో పోల్చినప్పుడు ఆ తోడ్పాటు భారంగా మారుతుంది. పిల్లలు వ్రాసుకొన్న ప్రణాళికను ముందు చదివి, తరువాత ఖర్చు, దూరం, భద్రత వంటి తమ సందేహాలను దాచకుండా చెప్పడం మంచిది. ఇంటి ఆర్థిక పరిస్థితిని పిల్లలకు తెలియనీయకపోవడం కంటె, తెలియజెప్పి వారిని ఆలోచనలో భాగస్వాములను చేయడం మేలు.

ఆర్థిక సహాయం

డబ్బు లేక లక్ష్యాన్ని వదలుకొనే ముందు అందుబాటులో ఉన్న సహాయాన్ని తెలుసుకోవాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో 8వ తరగతి చదువుతున్నవారు జాతీయ ప్రతిభా ఉపకార వేతన (ఎన్.ఎం.ఎం.ఎస్.) పరీక్ష వ్రాయవచ్చు. ఎంపికైనవారికి 9వ తరగతి నుండి 12వ తరగతి (ఇంటర్ రెండవ సంవత్సరం) వరకు ఏడాదికి 12,000 రూపాయలు లభిస్తాయి. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలకు మించరాదు. ఇవి కాక గురుకుల జూనియర్ కళాశాలలు, సంక్షేమ వసతి గృహాలు, రాష్ట్ర ప్రభుత్వాల ఫీజు సహాయ పథకాలు, బ్యాంకుల విద్యా ఋణాలు ఉన్నవి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు సకాలంలో సిద్ధం చేసుకోకపోవడం వలన అర్హత ఉండి కూడా సహాయం పొందలేనివారు ఉంటారు. కనుక ఈ పత్రాల తయారీ కూడా ప్రణాళికలో ఒక భాగం కావాలి.

సమస్యలు

ఒత్తిడి, ఆత్మహత్యలు

ఇంటర్మీడియట్ విద్య ఎక్కువగా ఇంజనీరింగు, వైద్య ప్రవేశ పరీక్షల చుట్టూ తిరగడం, రోజంతా సాగే తరగతులు, వారం వారం జరిగే పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం విద్యార్థులపై తీవ్రమైన ఒత్తిడి కలిగిస్తున్నాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారు. ఫలితాలలో జరిగిన పొరపాట్లపై ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించింది.

2024 జనవరిలో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ జారీ చేసిన మార్గదర్శకాలు 16 ఏళ్ల లోపు వారిని కోచింగ్ కేంద్రాలలో చేర్చుకోరాదని పేర్కొన్నాయి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్ ఉండాలి. ప్రతిభను బట్టి బ్యాచ్‌లు విడదీయరాదు. విద్యార్థులకు, తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా వృత్తి మార్గదర్శకత్వం అందించాలి.

పరీక్షలో తప్పినవారికి ఏడాది వృథా కాకుండా రెండు రాష్ట్రాలలోను అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నవి. మానసిక వేదనలో ఉన్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి పొందవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 నంబరు కలదు.

ఇతర పరిమితులు

• అభిరుచి పరీక్షలు: వీటి ఫలితాలు సూచనలు మాత్రమే. ఒక్క పరీక్షను చూసి విద్యార్థిని ఒక వృత్తికి కట్టివేయరాదు. పట్టణ విద్యార్థుల కొరకు ఆంగ్లంలో తయారైన పరీక్షలు గ్రామీణ, తెలుగు మాధ్యమ విద్యార్థుల సామర్థ్యాన్ని సరిగా చూపకపోవచ్చు.
• ప్రకటనల ప్రభావం: ర్యాంకుల ప్రకటనలు ఉత్తీర్ణుల ఫొటోలు మాత్రమే చూపుతాయి. మొత్తం ఎంతమంది చేరారు, మిగిలినవారు ఏమైనారు అన్నది విద్యార్థి అడగవలసిన ప్రశ్న.
• బాలికల విద్య: దూరం, రవాణా, త్వరగా వివాహం చేయడం వంటి కారణాలతో బాలికల లక్ష్యాలు ఆగిపోతుంటాయి. ప్రణాళికలో వసతి గృహం, ప్రయాణం గురించి ముందుగా ఆలోచించడం అవసరం.
• సమాచార లోపం: కుటుంబంలో తొలిసారిగా పై చదువులకు వచ్చిన విద్యార్థికి ఇంట్లో అడిగి తెలుసుకొనే వీలుండదు. వీరికి పాఠశాలే ప్రధాన ఆధారం.

ప్రయోజనాలు

లక్ష్యాన్ని స్వయంగా ఏర్పరచుకొన్న విద్యార్థికి పాఠానికి, జీవితానికి గల సంబంధం తెలుస్తుంది. ప్రవేశ పరీక్షలలో తగిన ర్యాంకు రాకపోయినా ముందుకు సాగే దారి అతని వద్ద ఉంటుంది. సమాచారం సేకరించడం, పోల్చి చూడడం, నిర్ణయం తీసుకోవడం, దానిని సరిదిద్దుకోవడం అనే అలవాట్లు వృత్తి మారవలసి వచ్చినప్పుడు కూడా ఉపయోగపడతాయి. కొత్త వృత్తులు పుట్టి, పాత వృత్తులు మారిపోతున్న కాలంలో ఒక వృత్తిని ఎంచుకోవడం కంటె, ఎంచుకొనే పద్ధతిని నేర్చుకోవడమే విద్యార్థికి ఎక్కువ కాలం నిలిచే లాభం.

ఇవి కూడా చూడండి

• ఇంటర్మీడియట్ విద్య
• పాలిటెక్నిక్
• పారిశ్రామిక శిక్షణ సంస్థ
• కొఠారి కమిషన్
• జాతీయ విద్యా విధానం
• డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం